మా ఆయన మార్చిన ఇంజన్ ఆయిల్

మా ఇంట్లో కారు నడిపేది నేను. మా ఆయనకు డ్రైవింగ్ రాదు. నేర్చుకోక కాదు. పెళ్లయిన కొత్తలో నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నారు. అది చేతికొచ్చిన వారంలోనే మా గేటును లోపలి నుంచి గుద్దారు. ఆ గేటు పెట్టిన చోటే సరైంది కాదని తేల్చి, ఇక స్టీరింగు ముట్టలేదు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతారు. కాలేజీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరం కాబట్టి ఆయన జీవితంలో కారు లోటు ఎక్కడా కనిపించలేదు.

నాకు అలా కుదరదు. బొల్లాపల్లి మండలంలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. పొద్దున్నే మరో ఇద్దరు టీచర్లను ఎక్కించుకుని వినుకొండ మీదుగా వెళ్లడం, సాయంత్రానికి తిరిగి రావడం. మెట్ట పొలాల మధ్య రోడ్డు, ఎండాకాలం దుమ్ము, వానాకాలం గుంటలు. మా వీధిలో మిగతా కార్లు పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ తిరిగేవి. నా కారు కూలికి వెళ్లినట్టు రోజూ వెళ్లి వచ్చేది. దానికి తగ్గట్టే ఇంజన్ ఆయిల్ కూడా తరచూ మార్పించాల్సి వచ్చేది.

మా వెనక వీధిలో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. మా పెళ్లికి ముందు నుంచీ ఆ షెడ్డు అక్కడే ఉంది. పని శుభ్రంగా చేస్తాడు, మాట తప్పడు. పని విషయంలో ఆయన్ని అనడానికి ఏమీ లేదు. నా ఇబ్బంది ఇంకొకటి.

ఒకసారి బండి తీసుకెళ్లి, బ్రేకు వేస్తే ఎడమ పక్కకు లాగుతోందని చెప్పాను. భాయ్ నా మాట అంతా బానెట్టు వైపు చూస్తూ విన్నాడు. విని, చేతులు గుడ్డకు తుడుచుకుని, మా ఆయనకు ఫోన్ చేశాడు.

"సారూ, బండి వచ్చింది. ఏం చెయ్యమంటారు?"

మా ఆయన అప్పుడు క్లాసులో ఉన్నట్టున్నారు. గొంతు తగ్గించి, "అన్నీ ఒకసారి చూడు భాయ్" అన్నారు.

భాయ్ ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు తిరిగాడు. "మేడమ్‌గారూ, సారు అన్నీ చూడమన్నారు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆయన కాళ్లు కడుక్కుంటూ నాతో అన్న మొదటి మాట ఇది: "ఏమోయ్, బ్రేకు వేస్తే ఎడమ పక్కకు లాగుతోందంట. భాయ్ చెప్పాడు. రోజూ నడుపుతావు, నువ్వు గమనించలేదా?"

మా ఆయన మంచివారే. భాయ్ కూడా మంచివాడే. ఇద్దరి మధ్యా నా కారు గురించి ఏళ్ల తరబడి ఎంతో మర్యాదగా సంభాషణ నడిచింది. అందులో నేను లేనంతే.

ఒక సెలవురోజు ఆయిల్ మార్పించడానికి వెళ్లి, షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద ఒక పూట కూర్చున్నాను. వచ్చిన ప్రతివాళ్లూ నన్ను చూసి, "సారు రాలేదా మేడమ్?" అని అడిగారు. రాలేదని ప్రతివాళ్లకూ చెప్పాను. అలా కూర్చున్నప్పుడే ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. ఒకాయన తెల్ల చొక్కా వేసుకుని, కారు కిందికి దూరకుండా, ఇంటి ముందే నిలబడి ఇంజన్ ఆయిల్ మారుస్తున్నాడు. ఆయిల్ ఎంత ఉందో చూసుకునే పుల్ల ఉంటుంది కదా, దాన్ని బయటికి తీసి, ఆ గొట్టంలో నుంచి సన్నటి ట్యూబు కిందిదాకా దింపాడు. పంపు నాలుగుసార్లు కొట్టాడు. పాత ఆయిల్ దానంతటదే పైకెక్కి డబ్బాలోకి వచ్చేసింది. ఆయన చొక్కా మీద చుక్క కూడా పడలేదు. ఆ చొక్కాను చూసే నేను ఆ పంపు ఆర్డర్ పెట్టాను.

పార్సిల్ వచ్చిన రోజు నేను బడిలో ఉన్నాను. మా అత్తయ్య తీసుకుని విప్పి చూసింది. ఆమెది గురజాల వైపు పల్లె. పత్తిచేలల్లో పుట్టి పెరిగిన మనిషి. సాయంత్రం నేను గేటు తీసేసరికి ఆ డబ్బా ముందు కూర్చుని ఉంది.

"ఏమే, పురుగుమందు కొట్టే డబ్బా తెప్పిచ్చావేంది? మనకి చేను యాడుందని?"

"పురుగుమందుకి కాదత్తయ్యా. కారు ఆయిల్ తియ్యడానికి."

"ఆ భాయ్ ఉన్నాడు గదా?"

"ఉన్నాడు. ఈసారి మనమే చేద్దామని."

"మనమంటే ఎవరు?" అంది అత్తయ్య. ఆ ప్రశ్న అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు.

మా ఆయన ఆ రాత్రి భోజనం చేస్తూ పంపుతో వచ్చిన కాగితం మొత్తం చదివారు. ఏ వస్తువు కొన్నా దాని కాగితం చదవడం ఆయనకు ఇష్టం. డబ్బాలో గాలి తగ్గితే బయటి గాలి ఆయిల్‌ను ఎలా తోస్తుందో నాకు అన్నం ముద్ద చేత్తో పట్టుకుని వివరించారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అందులో ఒక్క తప్పు లేదు.

ఆదివారం పొద్దున కారును ఇంటి ముందు వీధిలోకి తీశాను. ఇంజన్ కాసేపు ఆన్‌లో ఉంచాను. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే పలచబడి తేలిగ్గా వస్తుందని వీడియోలో చెప్పాడు. పాత చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించి బానెట్టు ఎత్తాను. మా ఆయన ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ఆ కాగితంతో వచ్చి నా పక్కన నిలబడ్డారు.

ట్యూబు సగం దాకా దిగి ఆగిపోయింది.

"ఇంకా బలంగా తొయ్యి" అన్నారాయన.

బలంగా తోస్తే లోపల మడత పడేట్టుంది. కొంచెం బయటికి లాగి, వేళ్ల మధ్య మెలితిప్పుతూ దింపాను. ఈసారి మెత్తగా జారి అడుగు తగిలింది. పంపు కొట్టాను. రాలేదు. మళ్లీ కొట్టాను. ట్యూబు ఖాళీగా, తళతళలాడుతూ ఉంది.

అప్పటికే ఎదురింటి అన్నయ్య నోట్లో బ్రష్షుతో గేటు దాటి వచ్చారు. ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. వీధిలో ఎవరి ఇంటి ముందు ఏది జరిగినా మొదట వచ్చేది ఆయనే. నన్ను చెల్లెమ్మా అంటారు, ఆ వరసలో మా ఆయన్ని బావా అంటారు.

"ఏంది బావా, బండి ఆగిపోయిందా?"

"లేదు లేదు. ఆయిల్ మారుస్తున్నాం" అన్నారు మా ఆయన.

"నువ్వేనా? ఇంట్లోనే? చానా పెద్దపనే పెట్టుకున్నావే!"

మా ఆయన కాదనలేదు, అవుననలేదు. కాగితం రెండో పక్కకు తిప్పారు.

అరుగు మీద మెంతికూర ఒలుస్తున్న అత్తయ్య చెవి ఇటు పడేసింది. "యాడో గాలి పోతంది. బుస్సుమంటంది ఇనపట్టంలా? మూత సరిగ్గా పెట్టలా నువ్వు."

చూస్తే నిజంగానే మూత ఒక పక్క పైకి లేచి ఉంది. నొక్కి బిగించి, మళ్లీ పంపు కొట్టాను. ట్యూబు మొదట్లో నల్లటి చుక్క కనిపించింది. అది కదిలి, పైకి పాకి, వంపు తిరిగి డబ్బాలోకి దూకింది. ఆ తర్వాత సన్నని నల్లదార తెగకుండా వస్తూనే ఉంది. నేను పంపు మీద నుంచి చేతులు తీసేశాను. అయినా వస్తూనే ఉంది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది కానీ చేతులకు ఆయిల్ ఉంది.

"అబ్బో! బావా, పని చేస్తందే!" అన్నారు ఎదురింటి అన్నయ్య, మా ఆయన భుజం తట్టి.

లోపల అంతా అయిపోయాక స్ట్రాతో సోడా అడుగు పీల్చినట్టు గుర్రుమని చప్పుడు వచ్చింది. ఇక ఫిల్టర్ మార్చాలి. మా కారులో అది పైనుంచే అందుతుంది కానీ పైపుల మధ్య ఇరుగ్గా ఉంటుంది. ఇంతసేపూ నిలబడ్డందుకు ఏదో ఒకటి చెయ్యాలనిపించిందేమో, మా ఆయన "నేను తీస్తా" అని చెయ్యి పెట్టారు. వాచీ ఇరుక్కుంది. చెయ్యి లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. నేను రెండు వేళ్లు దూర్చి వాచీ బెల్టు ఊడదీశాక చెయ్యి బయటపడింది, చొక్కా చెయ్యి పొడవునా నల్లటి చారతో. తర్వాత నేను చెయ్యి పెట్టి ఫిల్టర్ తీసి, కొత్తదాని రబ్బరుకు ఆయిల్ రాసి చేత్తోనే బిగించాను.

"ఎన్ని లీటర్లు పట్టుద్ది బావా?" అని అడిగారు అన్నయ్య.

మా ఆయన నా వైపు చూశారు. "మూడున్నర" అన్నాను.

"మూడున్నర" అన్నారు మా ఆయన.

"ఓహో, మూడున్నరా" అన్నారు అన్నయ్య, ఆయన మాట వినగానే.

కొత్త ఆయిల్ పోసి, ఇంజన్ తిప్పి, ఆపి, పుల్ల తీసి చూసుకున్నాను. తేనె రంగులో, గీత దగ్గర సరిగ్గా ఆగి ఉంది. నా తరఫున పని పూర్తయింది. మా ఆయన తరఫున అది అప్పుడే మొదలైందని నాకు తెలియదు.

ఆ వారంలోనే కబురు పాకింది. సారు ఇంట్లోనే ఆయిల్ మారుస్తున్నాడంట. భాయ్ దగ్గరికి కూడా పోవడం లేదంట. మా ఆయన ఎవరితోనూ నేను చేశానని అనలేదు, అది ఒట్టేసి చెప్పగలను. అడిగినవాళ్లకు డబ్బాలో గాలి తగ్గితే ఏమవుతుందో మాత్రం చెప్పారు. అది చెప్పగలిగినవాడు అంతా చెయ్యగలడని వినేవాళ్లే అనుకున్నారు.

వాళ్ల కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆయన ఒక ఆదివారం తన కారు తీసుకుని వచ్చారు. "సార్, మీ చేతులమీదుగా ఒకసారి" అన్నారు. మా ఆయన ఆయన్ని వరండాలో కూర్చోబెట్టారు. ఇద్దరూ గాలి ఒత్తిడి గురించి ఎంతో సంతోషంగా మాట్లాడుకుంటుంటే, నేను వీధిలో ఆ కారు ఆయిల్ తీశాను. అత్తయ్య వాళ్లకు టీ పెట్టి ఇచ్చింది. పనయ్యాక ఫిజిక్స్ సారు లేచి మా ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "చాలా థాంక్స్ సార్" అన్నారు. కారు ఎక్కబోతూ, నల్లటి చేతులతో ఉన్న నన్ను చూసి మర్యాదగా తల వంచారు. "మేడమ్‌గారూ, టీ చాలా బాగుంది."

అత్తయ్య ఆ మాటకు నాకంటే ఎక్కువ నొచ్చుకుంది. "నేను పెట్టిన టీకి నీకేందే పేరు?" అంది. నేను నవ్వాను. ఆ కష్టం ఏమిటో ఇంట్లో ఇంకొకరికి తెలిసినందుకు నాకు కొంచెం ఊరటగా కూడా ఉంది.

పాత ఆయిల్ ఏం చెయ్యాలన్నది నేను ముందు ఆలోచించని విషయం. పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇద్దామని డబ్బాల్లో పోసి మెట్ల కింద పెట్టాను. అత్తయ్య దాని సంగతి తాను చూసుకుంటానంది. పాలు పోసే ఆమెకు గేదెల కొట్టం గుంజలకు చెదలు పట్టాయట, ఆమెకు కొంత. బండి ఇరుసుకని ఒకరికి, గేటు బందులకని ఒకరికి. పాలు పలచగా వచ్చిన వారం ఆ పాలామెకు ఆయిల్ అందలేదు. అత్తయ్య చేతిలో ఆ నల్ల డబ్బాలు ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో గడ్డపెరుగు తోడుకుంది.

ఇంతలో భాయ్‌కి తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది, వెనక వీధే కదా. ఒకరోజు మా ఆయన కాలేజీకి వెళ్తుంటే షెడ్డులోంచే పలకరించాడట.

"సారూ, ఇంట్లోనే చేసుకుంటన్నారంట. మంచిదే."

అంతే అన్నాడట. కానీ ఆ 'మంచిదే' అన్న మాట మా ఆయన్ని చాలా రోజులు వేధించింది. ఇన్నేళ్ల స్నేహం. రంజాన్‌కి సేమియా పంపేవాడు, ఆ ఏడు కూడా పంపాడు కానీ తాను రాలేదు. మా ఆయన షెడ్డు ముందు నుంచి వెళ్లడం మానేసి, సందు చుట్టూ తిరిగి కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టారు. ఎండలో అంత దూరం నడిచి, చెమటతో ఇల్లు చేరేవారు. ఇద్దరు పెద్దమనుషులు నేను చేస్తున్న పని మీద ఒకరితో ఒకరు అలిగారు. నన్ను మాత్రం భాయ్ ఎక్కడ కనిపించినా మామూలుగానే, "బాగున్నారా మేడమ్‌గారూ" అని నవ్వి పలకరించేవాడు. ఇందులో నా తప్పేమీ లేదని ఆయన నమ్మకం.

ఒక సాయంత్రం నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే గేటు దగ్గర "సారూ" అన్న కేక వినబడింది. భాయ్. మా ఆయన గబగబా బయటికి వెళ్లారు. చాలా రోజుల తర్వాత ఎదురుపడి ఇద్దరూ ఎక్కడ చూడాలో తెలియక కాసేపు గేటు వైపే చూశారు.

భాయ్ సంగతి చెప్పాడు. ఎవరిదో కారు. ఇంతకుముందు ఇంకెక్కడో ఆయిల్ మార్పించినప్పుడు అడుగున ఆయిల్ వదిలే బోల్టు మరీ బిగించేశారు. తల అరిగిపోయి పానా పట్టడం లేదు. గట్టిగా తిప్పితే కింది తొట్టి పగులుతుంది. ఆ కారువాళ్లు పొద్దున్నే మాచర్లలో పెళ్లికి పోవాలి.

"మీ పంపు ఒకసారి ఇస్తారా సారూ?"

"అంత మాటా! తీసుకుపో భాయ్" అన్నారు మా ఆయన, సంతోషం పట్టలేక.

"తీసుకుపోయి నేనేం చేస్తా? నాకు అలవాటు లేదు గదా. మీరే వచ్చి కాస్త తీసిపెట్టండి."

మా ఆయన కిటికీలోంచి నా వైపు చూశారు. నేను ఆయన చూపు చూశాను, చూసి మళ్లీ పేపరు మీదకు వంగాను. శాతవాహనుల రాజధాని ఏదన్న ప్రశ్నకు ఒక పిల్లవాడు ధరణికోట అని చక్కగా రాసి, దాని పక్కనే అమరావతి అని కూడా రాసి, ఏది కావాలంటే అది తీసుకోమన్నట్టు వదిలేశాడు. వాడికి మార్కు ఎలా వెయ్యాలా అని తీరిగ్గా ఆలోచించాను. తలెత్తేసరికి మా ఆయన పంపు భుజాన వేసుకుని భాయ్ వెంట వీధి మలుపు తిరుగుతున్నారు.

"ఏమే, వాడు నిజంగానే పోతన్నాడే!" అంది అత్తయ్య.

కాసేపటికి ఫోన్ మోగింది. "ఏమోయ్, ట్యూబు పెట్టాను. పంపు కొడుతూనే ఉన్నాను. రావడం లేదు." రొప్పుతున్నారు. వెనక ఎవరో దగ్గారు. ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకు అర్థమైంది.

"ఇంజన్ వేడి చేశారా?"

అటువైపు కాగితం తిప్పిన చప్పుడు వినబడింది.

"ట్యూబు అడుగు తగిలిందా? సగంలో ఆగిందా? మెలితిప్పుతూ దింపాలి."

అప్పుడు భాయ్ గొంతు వినబడింది, మెల్లగా, ఫోన్‌కు దగ్గరగా. "అమ్మా... ఇన్నాళ్లూ ఇది చేసేది మీరా?"

"అవును భాయ్."

"మరి సారు?"

"సారు కాగితం చదువుతారు."

నేను చెప్పులు వేసుకుని వెళ్లాను. షెడ్డులో మా ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ముఖం నిండా చెమటతో నిలబడి ఉన్నారు. భాయ్ ఇంజన్ స్టార్ట్ చేసి కాసేపు ఉంచాడు. నేను ట్యూబు బయటికి తీసి మళ్లీ దింపాను. భాయ్ నా పక్కన వంగి, ట్యూబు ఎంత దిగిందో ఎలా తెలుస్తుంది, మడత పడితే ఎలా తెలుస్తుంది అని అడిగాడు. అడిగినప్పుడల్లా నా ముఖం వైపే చూశాడు. నల్లదార డబ్బాలోకి దిగుతుంటే ముగ్గురం వంగి చూశాం.

"నేను సారు అనుకుంటన్నానమ్మా. మీరు అనుకోలా" అన్నాడు భాయ్.

"నేను చేస్తున్నానని నేనెప్పుడన్నా అన్నానా భాయ్?" అన్నారు మా ఆయన.

భాయ్ గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. "అనలా" అని ఒప్పుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎంత హాయిగా నవ్వారంటే, అలక తీరింది. మర్నాటి నుంచి మా ఆయన మళ్లీ దగ్గరి దారినే కాలేజీకి వెళ్లారు. తర్వాత భాయ్ కూడా ఒక పంపు కొన్నాడు.

ఇంతటితో ఊరికి అసలు సంగతి తెలిసిపోయింది. తెలిసి, ఊరు దాన్ని తనకు నచ్చినట్టు సర్దుకుంది. ఎదురింటి అన్నయ్య ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి, "చెల్లెమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి. ఆడవాళ్లకి ఇట్టాంటి పని నేర్పించే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?" అన్నారు. ఆయన ఆ ఆదివారం మొదటి నుంచి చివరి దాకా అక్కడే నిలబడి చూసిన మనిషి.

ఆ మాట కాలేజీకి చేరింది. ఆ ఏడు మహిళా దినోత్సవం నాడు, భార్యను ప్రోత్సహించే భర్త గురించి నాలుగు మాటలు చెప్పమని మా ఆయన్ని స్టేజి ఎక్కించారు. నన్ను కూడా పిలిచారు; బడి నుంచి కారులో నేరుగా వెళితే ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన రెండు రోజులు నిద్ర సరిగ్గా పోలేదు. స్టేజి ఎక్కి మైకు పట్టుకున్నారు.

"నేను ఆమెకు ఏమీ నేర్పలేదు" అన్నారు. "నాకు కారు నడపడమే రాదు. పంపు ఆమే కొన్నది, ఆమే నేర్చుకుంది. నేను పక్కన నిలబడ్డాను. ఒకసారి ప్రయత్నిస్తే చెయ్యి ఇరుక్కుంది."

హాలంతా చప్పట్లు. ప్రిన్సిపాల్ లేచి మైకు అందుకుని, ఇంత చేసి కూడా తన గొప్ప చెప్పుకోని ఇలాంటి నిగర్వి మన కాలేజీలో ఉండడం మన అదృష్టమన్నారు. శాలువా తెప్పించి ఆయనకు కప్పారు.

ఇంటికి వెళ్లేటప్పుడు కారులో ఆయన శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ నమ్మలేదు" అన్నారు.

"విన్నాను" అన్నాను. "బాగా చెప్పారు."

కోటప్పకొండ రోడ్డు దగ్గర మిరపకాయల ట్రాక్టర్లు అడ్డంగా ఆగి ఉన్నాయి. అవి కదిలేదాకా ఇద్దరం అద్దాలు ఎక్కించుకుని, ఘాటుకు దగ్గుతూ, నవ్వుతూ కూర్చున్నాం.